మర్యాదస్తుల ఇంటి గడప

‘లేడీస్ ఆఫ్ లీజర్’ అనే 1930 నాటి అమెరికన్ సినిమాను నేను మొదటిసారి ఒక్కదాన్నే చూశాను, రెండోసారి అమ్మతో కలిసి చూశాను. మొదటిసారి అది నాకు గొప్పింటి అబ్బాయి, పేదింటి అమ్మాయి కథగానే తోచింది. అటువంటి కథలు మన సినిమాల్లో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడానికి వేళ్లు చాలవు కాబట్టి, బాగుందనుకుని పక్కన పెట్టేశాను. రెండోసారి చూసినది మాత్రం కార్తీకంలో వాన పట్టుకున్న ఒక రాత్రి, కడపలోని మా ఇంట్లో. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతూ పోయాను. అలా చెబుతూ పోతే, మొదటిసారి చెవిన పడి కూడా పట్టించుకోని మాటలు నోటికి అడ్డం తగలడం మొదలుపెట్టాయి.

కథ చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. జెర్రీ స్ట్రాంగ్ ఒక రైల్వే కోటీశ్వరుని కొడుకు. తండ్రి వ్యాపారం పట్టక, చిత్రకారుడు కావాలని ఎత్తయిన భవనం పైఅంతస్తులో స్టూడియో పెట్టుకున్నాడు. ఒక రాత్రి తన ఇంట్లోనే జరుగుతున్న తాగుడు విందు మీద విసుగెత్తి కారు వేసుకుని బయటపడతాడు. దారిలో టైరు పేలి నీటి ఒడ్డున ఆగినప్పుడు, విందు బట్టలతో ఒంటరిగా పడవ వేసుకుని ఒడ్డుకు వస్తున్న ఒక అమ్మాయి కనిపిస్తుంది. ఆమె పేరు కే ఆర్నాల్డ్. ఆమె కూడా ఒక విందు నుంచే పారిపోయి వస్తోంది. తేడా ఏమిటంటే, అతను తన విందు నుంచి పారిపోయాడు, ఆమె తన ఉద్యోగం నుంచి పారిపోయింది. ధనవంతుల విందుల్లో వాళ్లకు తోడుగా నవ్వుతూ, తాగుతూ, కాలక్షేపం చేయించడమే ఆమె బతుకుదెరువు, ఆ సంగతి ఆమె దాచుకోదు కూడా. అతను ఆమెను తన చిత్రానికి కూర్చోమని అడుగుతాడు. ఆ చిత్రం పేరు ‘ఆశ’.

దర్శకుడు ఫ్రాంక్ కాప్రా, కే పాత్రధారిణి బార్బరా స్టాన్‌విక్. ఈ ఇద్దరూ ఎక్కడి నుంచి వచ్చారో ఇక్కడ చెప్పుకోకపోతే ఈ సినిమా సగమే అర్థమవుతుంది. కాప్రా 1897లో సిసిలీలోని ఒక పల్లెలో పుట్టి, 1903లో కుటుంబంతో ఓడెక్కి అమెరికా చేరి, లాస్ ఏంజెలెస్ వీధుల్లో పేపర్లు అమ్మి చదువుకున్నవాడు. స్టాన్‌విక్ అసలు పేరు రూబీ స్టీవెన్స్. 1907లో బ్రూక్లిన్‌లో పుట్టిన ఆమెకు నాలుగేళ్లున్నప్పుడు తల్లి వీధి ట్రాము మీది నుంచి పడి చనిపోయింది, ఆ తరువాత కొద్ది రోజులకే తండ్రి పిల్లల్ని వదిలి పనామా కాలువ తవ్వే పనికి వెళ్లిపోయాడు. ఎవరెవరి ఇళ్లలోనో పెరిగి, పదహారేళ్లు నిండీ నిండకముందే నాట్యబృందాల్లో చేరి కాళ్లు ఎగరేసి పొట్ట పోసుకున్న అమ్మాయి ఆమె. వాళ్లకు పని ఇచ్చిన కొలంబియా కంపెనీ కూడా అప్పటికి హాలీవుడ్‌లో పెద్దల సరసన కూర్చోగలిగినది కాదు. చవక చిత్రాలు తీసే కంపెనీల వాడకు ‘పావర్టీ రో’ అని పేరుండేది, కొలంబియా ఆ వాడలోనిదే. అంటే, గొప్పవాళ్ల ఇంట్లోకి అడుగుపెట్టే పేదపిల్ల కథను, గొప్ప కంపెనీల గడప దాటని వాళ్లే కూడి తీశారు. స్టాక్ మార్కెట్ కూలింది 1929 అక్టోబరులో, సినిమా విడుదలైంది 1930 ఏప్రిల్‌లో. తెర మీది గొప్పింటి వైభవాన్ని ఆనాటి ప్రేక్షకుడు ఏ కళ్లతో చూసి ఉంటాడో ఊహించుకోవచ్చు.

స్టాన్‌విక్‌ను ఈ పాత్రకు తీసుకోవడం కూడా మర్యాదగా జరిగిన వ్యవహారం కాదు. అంతకు ముందు ఆమె నటించిన మాటల చిత్రాలు ఆడలేదు. కాప్రాతో మాట్లాడటానికి వచ్చినప్పుడు ముభావంగా కూర్చుని, అంటీ ముట్టనట్టు నాలుగు మాటలు చెప్పి లేచి వెళ్లిపోయింది. ఈమె వద్దనుకున్నాడు కాప్రా. ఆమె భర్త ఫ్రాంక్ ఫే కోపంగా ఫోను చేసి, ఆమె అంతకు ముందు మరో కంపెనీకి చేసిన పరీక్షా చిత్రాన్ని చూడమని పట్టుబట్టాడు. చూసిన కాప్రా మనసు మార్చుకున్నాడు. షూటింగులో ఆయనకు మరో సంగతి తెలిసింది: ఈమె మొదటిసారి చేసినప్పుడే ప్రాణం పెట్టి చేస్తుంది, అదే సన్నివేశాన్ని మళ్లీ చేయమంటే ఆ వేడి తగ్గిపోతుంది. అందుకని మిగిలిన నటులతో ఆమె లేకుండా ముందుగా సాధన చేయించి, ఒకటి కంటే ఎక్కువ కెమెరాలు పెట్టి, ఆమె మొదటి ప్రయత్నాన్నే పట్టుకునే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ మొదటిసారి వేడి ఏమిటో తెలియాలంటే దుప్పటి సన్నివేశం చూడాలి.

దానికి ముందు ఒక చిన్న సంగతి. చిత్రం గీయడానికి ఆమెను కూర్చోబెట్టగానే జెర్రీ చేసే మొదటి పని, ఆమె ముఖానికున్న రంగు తుడిచేయడం, అతికించుకున్న కనురెప్పల వెంట్రుకలు ఊడదీయడం. పైకి చూడు, ఏం కనబడుతోంది అంటాడు. పైకప్పు కనబడుతోంది అంటుంది ఆమె. అతనికి ఆ పైకప్పు అవతల నక్షత్రాలు కనబడాలి. ఇది అందంగా తీసిన సన్నివేశమే గాని, నాకు మొదటి నుంచీ కాస్త గుచ్చుకుంటూనే ఉంది. తుడిచిన తరువాత బయటపడిన ముఖమే ఆమె అసలు ముఖమని అతను నమ్ముతాడు; పొట్టకూటికి వేసుకున్న రంగు వెనక ఉన్న శ్రమ అతని లెక్కలోకి రాదు. పైకప్పుకు అద్దె కట్టవలసిన వాళ్లకు ముందుగా పైకప్పే కనబడుతుంది.

ఇక ఆ రాత్రి. పని ఆలస్యమవుతుంది, బయట వాన పట్టుకుంటుంది, ఇక్కడే సోఫా మీద పడుకో అంటాడు జెర్రీ. ఆమెకు ఆ మాట కొత్త కాదు, దాని తరువాత ఏం జరుగుతుందో కూడా కొత్త కాదు. ఇద్దరూ వేరువేరు గదుల్లో బట్టలు మార్చుకోవడాన్ని వాన ధారలు కారుతున్న గాజు కిటికీల బయటి నుంచి చూపిస్తాడు ఛాయాగ్రాహకుడు జోసెఫ్ వాకర్. దీపాలు ఆరిపోతాయి. ఆమె దుప్పటి కప్పుకుని, కళ్లు తెరిచి, చీకట్లో పడుకుని ఉంటుంది. తలుపు పిడి తిరుగుతుంది. అడుగులు ఆమె వైపు వస్తాయి. ఆమె కళ్లు మూసుకుంటుంది; ఆ ముఖం మీద భయం ఉంది, అలవాటైన నిస్పృహ ఉంది, ఇతను కూడా అందరిలాంటివాడేనా అన్న ప్రశ్న ఉంది, నిజం చెప్పాలంటే కొంచెం ఎదురుచూపు కూడా ఉంది. అతను వచ్చి, తన చేతిలోని మరో దుప్పటి ఆమె మీద కప్పి, వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. తలుపు మూసుకున్న తరువాత ఆమె కళ్లు తెరిచి, దుప్పటి అంచును నోటి దాకా లాక్కుని, పళ్లతో కొరుకుతుంది. కళ్ల నిండా నీళ్లు.

ఒక్క మాట లేదు. మాటల చిత్రాలు వచ్చి రెండు మూడేళ్లే అయిన రోజులవి. మైకు ఎక్కడ దాచాలో తెలియక నటీనటులంతా పూలకుండీల చుట్టూ గుమిగూడి మాట్లాడే రోజులు. శబ్దం లేని థియేటర్ల కోసం ఈ సినిమాను మూకీగా కూడా విడుదల చేశారు. అటువంటి కాలంలో వాన చప్పుడొక్కటే పెట్టి, మూకీ రోజుల చూపును మాటల చిత్రంలోకి తీసుకురావడం కాప్రా తెలివి. అమ్మకు ఈ సన్నివేశంలో నేను చెప్పవలసింది ఏమీ లేకపోయింది. ఆమే ముందుకు వంగి, “దుప్పటి కప్పనీకే వచ్చినాడా!” అంది.

మనసు గెలిచే కథ ఇక్కడితో పూర్తయిపోయింది. ఆ తరువాత వచ్చేవన్నీ మనకు ముందే తెలిసిన మెట్లు. తెల్లవారి ఆమె సంతోషంగా వంటింట్లో టిఫిను చేస్తుంది. అతనికి నిశ్చయమైన గొప్పింటి అమ్మాయి ఒకతె ఉంటుంది. తండ్రి కే గతాన్ని అందరి ముందూ పెట్టి, ఇటువంటిదాన్ని ఎలా చేసుకుంటావని గర్జిస్తాడు. కొడుకు తండ్రిని కాదని, ఆమెను తీసుకుని ఆరిజోనా వెళ్లిపోవడానికి సిద్ధపడతాడు. తండ్రి గర్జనకు కే లొంగదు. అటువంటి గర్జనలు ఆమె బతుకంతా వింటూనే వచ్చింది. ఇంతవరకూ కథ ఏ జమీందారు కథకూ తీసిపోదు, మించిపోదు.

మించిపోయేది తల్లి వచ్చినప్పుడు. జెర్రీ తల్లి కే ఇంటికి తనే నడిచి వస్తుంది. అరవదు, చెక్కు విసరదు, నీ బతుకెంత అనదు. నువ్వు నా కొడుకును నిజంగా ప్రేమిస్తున్నావని నాకు తెలుసు అంటుంది. అంత ప్రేమిస్తున్నావు కాబట్టే అతని భవిష్యత్తు కోసం వదులుకో అని అడుగుతుంది. ఇద్దరు ఆడవాళ్లూ ఏడుస్తారు. కే సరేనంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది నాకు కన్నీళ్లు పెట్టించడానికి పెట్టిన సన్నివేశమనిపించింది. రెండోసారి, తల్లి మాటలు తెలుగులో చెబుతూ చెబుతూ ఉండగా, అమ్మ నా చేయి పట్టుకుని ఆపి ఈ మాట అంది:

“తిట్టింటే ఈ పాప ఎదురు మాట్లాడుండు. కండ్ల నీళ్లు పెట్టుకోని అడిగె గదా, ఇంగ యాడికి పోతాది?”

నేను ఇన్నాళ్లూ వినని మాట అది. కే బతుకులో ఆమెను మర్యాదగా చూసినవాళ్లు ఇద్దరే: దుప్పటి కప్పిన కొడుకు, ఇంటికి వచ్చి బతిమాలిన తల్లి. మొదటి మర్యాద ఆమెను మనిషిని చేసింది, రెండో మర్యాద దానికి వెల అడిగింది. ఆ తల్లి దుర్మార్గురాలు అయి ఉంటే కే ఆమెను వాకిట్లోనే నిలబెట్టి పంపేసి ఉండేది. నువ్వు మంచిదానివి అన్నాక, ఆ మంచితనాన్ని నిరూపించుకోవడానికి ఆమె దగ్గర జెర్రీ తప్ప మరేముంది? పెద్దింటికీ పేదింటికీ నడుమ ఉన్న గీతను ఈ సినిమాలో తండ్రి కోపం కాపాడలేకపోయింది, తల్లి సౌజన్యం కాపాడింది.

అమ్మ ఆ మాట ఎందుకన్నదో నాకు తెలుసు. మేము ప్రొద్దుటూరులో ఉన్న రోజుల్లో అమ్మ జాకెట్లు కుట్టేది. బంగారం, బట్టల వ్యాపారాలతో బరువెక్కిన ఊరు కాబట్టి పెళ్లిళ్ల కాలంలో చేతి నిండా పని దొరికేది. కొన్ని పెద్ద ఇళ్లకు తనే వెళ్లి కొలతలు తీసుకుని, కుట్టినవి తనే ఇచ్చి వచ్చేది. అటువంటి ఇళ్లలో ఒక ఇంటి పెద్దమ్మ మహా మర్యాదస్తురాలు. అమ్మను పేరు పెట్టి కాకుండా ‘అమ్మా’ అని పిలిచేది, కూలి ఎన్నడూ బేరమాడేది కాదు, ఎండన పడి వస్తే కాఫీ ఇవ్వకుండా పంపేది కాదు. ఆ కాఫీ గ్లాసు వెనక వరండాలో, కిటికీ పక్క గూట్లో ఉండేది. స్టీలు గ్లాసే, తళతళలాడుతూ ఉండేది, అంచుకు ఒక చోట చిన్న సొట్ట. ఆమె పైనుంచి కాఫీ పోస్తే, తాగిన తరువాత అమ్మ కొళాయి దగ్గర కడిగి, మళ్లీ గూట్లో బోర్లించి వచ్చేది. ఏడెనిమిదేళ్ల పిల్లగా నేను వెంట వెళ్లినప్పుడు, ఇంట్లో అన్ని గ్లాసులుండగా ఇదొక్కటే ఇక్కడెందుకుందని అడిగాను. అమ్మ నా నోరు నొక్కింది. దారిలో కూడా జవాబు చెప్పలేదు. పొరుగున తిట్టిపోసే ఇల్లు ఒకటుండేది, ఆ ఇంటావిడతో అమ్మ సమానంగా పోట్లాడి, కూలి పెంచుకుని మరీ వచ్చేది. ఈ పెద్దమ్మతో మాత్రం ఎన్నడూ ఒక్క మాట ఎదురు చెప్పలేకపోయింది. అంత మంచిగా మాట్లాడే మనిషికి ఏమని ఎదురు చెబుతాం?

నిలువునా అడ్డం పడే తండ్రులనూ, నోట్ల కట్టలు విసిరే జమీందార్లనూ మన సినిమాలు చాలా చూపించాయి. మా కడప జిల్లా పులివెందుల వైపు నుంచి వెళ్లిన బి.ఎన్.రెడ్డి 1941లోనే ‘దేవత’ తీశాడు. లండన్‌లో చదివి వచ్చిన ఇంటి వారసుడికీ అదే ఇంట్లో పనిచేసే అమ్మాయికీ నడుమ జరిగే కథ అది. ఒకే ఇంట్లో ముందు గదికీ వెనక వరండాకూ మధ్య ఎంత దూరముంటుందో తెలిసిన ప్రాంతం నుంచి వచ్చినవాడు కాబట్టి ఆ కథకు చేయి వేశాడని నేను అనుకుంటాను. ఇది నా ఊహే తప్ప ఆయన చెప్పింది కాదు. కడప అనే పేరే గడప నుంచి వచ్చిందని, తిరుమల వెంకన్నకు మా దేవుని కడప తొలి గడప అని పెద్దలు చెబుతారు. గడప దగ్గర ఆగడం మాకు చిన్నప్పుడే వస్తుంది.

సినిమా పేరు సంగతి కూడా ఒకటుంది. దీనికి ఆధారమైన నాటకాన్ని మిల్టన్ హెర్బర్ట్ గ్రాపర్ రాయగా, డేవిడ్ బెలాస్కో 1924లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వే మీద ఆడించాడు. ఆ నాటకం పేరు ‘లేడీస్ ఆఫ్ ది ఈవెనింగ్’. ఆ పేరు అర్థం మరీ సూటిగా ఉందని కాబోలు, సినిమాకు ‘లీజర్’ తగిలించారు. తీరిక ఉన్న స్త్రీలు అని అర్థం. సినిమాలో తీరికంతా జెర్రీ చుట్టూ ఉన్నవాళ్లది. రాత్రంతా మేలుకుని ఇతరుల తీరికను గడిపించే పని కే, ఆమె గదినేస్తం డాట్‌లది. ఆ మర్యాద పేరు వాళ్ల మీద వేసి, అసలు సంగతిని దుప్పటి కప్పినట్టు కప్పారు. తెర మీద ఏం చూపించకూడదో చెప్పే హాలీవుడ్ నీతి నియమావళిని 1930లోనే ఒప్పుకున్నా, అది గట్టిగా అమలైంది 1934 నడిమి నుంచి. అంతకు ముందు వచ్చింది కాబట్టి, కే తన గతాన్ని గురించి సిగ్గుతో ముడుచుకుపోకుండా మాట్లాడగలిగింది. నాలుగేళ్లు ఆలస్యమై ఉంటే ఈ కథ ఇంత బాహాటంగా తెర మీదికి వచ్చేది కాదు.

లోపాలు లేవని చెప్పను. జెర్రీగా రాల్ఫ్ గ్రేవ్స్ కర్రలా నిలబడతాడు. స్టాన్‌విక్ కళ్లలో అంత జరుగుతూ ఉంటే ఎదురుగా ఇతను పాఠం ఒప్పజెబుతున్నట్టు మాట్లాడతాడు. లావవుతున్నానని దిగులుపడుతూ, ఉన్నది ఉన్నట్టు మాట్లాడే డాట్‌గా మేరీ ప్రెవోస్ట్ అతని కంటే వెయ్యి రెట్లు నయం. ఇక ముగింపు. తల్లికి మాట ఇచ్చిన కే, జెర్రీ స్నేహితుడైన ఒక తాగుబోతు ధనికుడితో హవానా వెళ్లే ఓడ ఎక్కుతుంది. డాట్ సంగతి చెప్పడానికి జెర్రీ దగ్గరికి పరుగెత్తుతుంది. ఓడ మీద కే తట్టుకోలేక సముద్రంలోకి దూకుతుంది. కాపాడతారు. కళ్లు తెరిచేసరికి మంచం పక్కన జెర్రీ. తల్లి అంత నెమ్మదిగా, అంత నమ్మేటట్టు గీసిన గీతను, నీళ్లలో ఒక్క మునకతో చెరిపేయడం నాకు నచ్చలేదు. చావు దాకా పోయి వస్తే తప్ప పేదపిల్లకు పెద్దింట్లో చోటు దొరకదన్న పాత లెక్కే ఇక్కడా కనబడింది.

స్టాన్‌విక్ మాత్రం ఇక్కడి నుంచి వెనుదిరిగి చూడలేదు. కాప్రాతోనే మరో నాలుగు చిత్రాలు చేసింది. 1937లో ‘స్టెల్లా డల్లాస్’లో, గొప్పింటికి కోడలిగా వెళ్లి అక్కడ ఇమడలేకపోయిన మిల్లు కార్మికుడి కూతురిగా నటించి, తొలిసారి ఆస్కార్ పోటీలో నిలిచింది. ఆ సినిమాలో కూతురి పెళ్లిని వీధిలో వానలో నిలబడి, కిటికీ బయటి నుంచి చూస్తుంది. అక్కడా ఆమె పళ్ల మధ్య బట్టే ఉంటుంది, ఈసారి చేతి రుమాలు.

సినిమా అయిపోయాక అమ్మ లేవలేదు. ఆ ముగింపు దగ్గర నేను ఏదో అనబోతుంటే, మంచం పక్కన జెర్రీ ఒక్కడే ఉన్నాడా అని అడిగింది. అవునన్నాను.

“వాళ్లమ్మ రాలేదా?”

వెనక్కి జరిపి చివరి నిమిషాన్ని మళ్లీ పెట్టాను. అమ్మ కళ్లజోడు సర్దుకుని, తెర దగ్గరికి వంగి, అయిపోయేదాకా చూసింది.

“రాదులే” అని, లేచి వంటింట్లోకి పోయి, మా ఇద్దరి కాఫీ గ్లాసులూ కడిగి ఒకదాంట్లో ఒకటి పెట్టింది.